అట్లకాడ వచ్చిన రోజు

పని చేసిందెవరో దేవుడికి తెలుస్తుందా, లేక మనుషులు ఎవరి పేరు చెబితే ఆయన కూడా ఆ పేరే నమ్ముతాడా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్ళ నుంచి ఉంది. రోజూ తెల్లవారగానే దీపం వెలిగించి కూర్చునేవాడికి రావలసిన అనుమానం కాదని నాకూ తెలుసు. అయినా కళ్ళు మూసుకోగానే ప్రార్థన కంటే ముందు అదే వచ్చి కూర్చునేది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పరుపులు కుట్టుకుని బతికేవాణ్ణి. పరుపులో దూది ఎవరు ఏకారో, ఎవరు కూరారో దానిమీద పడుకునేవాడికి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. కానీ పడుకునేవాడికీ దేవుడికీ కొంచెమైనా తేడా ఉండాలి కదా అని నా ఆశ.

అనుమానం పుట్టింది మా అమ్మ మంచాన పడ్డాక. పక్షవాతం వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడకుండా మా ఆవిడ పాత గుడ్డలో దూది చుట్టి, చిన్న చుట్టలా చేసి, ఆ పిడికిట్లో దూర్చేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పక్కమీద అటూ ఇటూ ఒత్తిగిలించడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నీ ఆవిడే. నేను చేసిందల్లా వీపు ఒరుసుకుపోకుండా మెత్తటి పరుపు కుట్టి ఇవ్వడం, నెలకోసారి విప్పి దూది మళ్ళీ ఏకి పెట్టడం.

అమ్మ తిండి మానేసింది. ఏది పెట్టినా పళ్ళు బిగించేది. ఒకరోజు మా ఆవిడ గంజి గ్లాసు పట్టుకుని, "ఇది మీ చిన్నోడు పంపించాడు అత్తయ్యా," అంది. అమ్మ నోరు తెరిచింది. గ్లాసు ఖాళీ అయింది. ఆ రోజునుంచి మా ఇంట్లో ప్రతి గ్లాసూ చిన్నోడు పంపినదే. దుప్పటి చిన్నోడు పంపినదే. మందు చిన్నోడు కొన్నదే.

"ఎందుకే ఈ అబద్ధాలు?" అని అడిగాను ఒకసారి.

"మీ తమ్ముడి పేరు చెబితే రెండు గుటకలు ఎక్కువ తాగుతోందండీ. పేరుదేముంది, గంజి లోపలికి పోతే చాలదూ?"

గంజి లోపలికి పోయింది. పేరు బయటికి పోయింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అమ్మ, వంకరపోయిన నోటితో, "అంతా మా చిన్నోడే చూస్తున్నాడు," అనేది. వాళ్ళు మంచం పక్కనే తడిగుడ్డ పిండుతున్న మా ఆవిడను చూస్తూనే, "అదృష్టవంతురాలివమ్మా, అలాంటి కొడుకు ఎవరికుంటాడు," అనేవాళ్ళు. చివరికి అమ్మ పోయే ముందు దీవించింది కూడా ఆ పేరునే. అప్పట్నుంచే నా అనుమానం. ఆ దీవెన ఎక్కడికి చేరింది? పేరున్న చోటికా, చెయ్యి ఉన్న చోటికా?

చిన్నోడంటే నా తమ్ముడు. కొన్నాళ్ళు నా కొట్లోనే పనిచేశాడు. దూదిని పరుపులో కూరమంటే దానితో కుందేలు చేసేవాడు. ఏది చేతికిచ్చినా దానికో ఆకారం తెచ్చేవాడు. ఒక పొద్దున ఇసుక బొమ్మలు చేసేవాళ్ళ బృందంతో వెళ్ళిపోతూ వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడ అట్లకాడ తీసుకున్నాడు. కర్రపిడి, పలచటి ఉక్కు రేకు, సన్నటి అంచు. పరుపుల గలీబులు కుట్టిన తొలి కూలితో ఆవిడ కొనుక్కున్నది.

"ఇసుక చెక్కడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు వదినా. రేపు తెచ్చిచ్చేస్తా," అన్నాడు.

ఆ రేపు రాలేదు. అది మా ఇంట్లో సామెత అయిపోయింది. పైకప్పు ఎప్పుడు బాగుచేయిస్తారని ఆవిడ అడిగితే, "అట్లకాడ వచ్చిన రోజు," అనేవాణ్ణి. మా అమ్మాయి చిన్నప్పుడు సముద్రం ఎప్పుడు చూపిస్తావు నాన్నా అంటే, "అట్లకాడ రానీ," అనేవాణ్ణి. జరగని పనికల్లా అదే ముహూర్తం. ఒకసారి అమ్మ, "చిన్నోడు ఎప్పుడొస్తాడురా?" అని అడిగినప్పుడు ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ కళ్ళతోనే ఆపింది.

అమ్మ మంచాన పడ్డాక వాడు చూసింది ఒక్కసారే, ఆసుపత్రిలో, మెడదాకా దుప్పటి కప్పి ఉన్నప్పుడు. ఆ తర్వాత ఫోనులో మాట్లాడేవాడు. అమ్మ పోయినప్పుడు వచ్చాడు కానీ, వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను ఇప్పటికీ అనను.

ఆ తమ్ముడే మొన్న ఫోను చేశాడు.

"అన్నయ్యా, ఇక్కడ సముద్రం ఒడ్డున ఇసుక శిల్పాల ప్రదర్శన, పోటీ. అమ్మను చేశాను. నువ్వు పంపిన ఫొటో చూసే చేశాను. వదినను తప్పకుండా తీసుకురా. వదిన చూడాలి."

'వదిన చూడాలి' అన్న మాట నేను చెప్పగానే మా ఆవిడ చేతిలో దబ్బనం ఆగింది. పరుపు కుట్టేటప్పుడు ఆవిడ చెయ్యి మామూలుగా ఆగదు.

"నిజంగా అలాగే అన్నాడా?"

"అలాగే అన్నాడు."

 ఆదివారం పొద్దున్నే లేచి, ఎప్పుడో దాచుకున్న చీర తీసి కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా దూరం వెళ్ళాక నాతో నెమ్మదిగా అంది.

"నాకు చీరలూ వద్దు, సన్మానాలూ వద్దండీ. నలుగురిలో ఒక్క మాట. 'మా అమ్మను చూసింది మా వదిన' అని. ఆ నోటితో ఆ ఒక్క మాట వింటే చాలు. అత్తయ్య ఎటూ అనలేకపోయింది."

వెనక సీట్లోంచి మా అమ్మాయి ముందుకు వంగింది. అది నర్సు పని నేర్చుకుంటోంది. నాయనమ్మ మంచం దగ్గరే సగం నేర్చుకుంది. "అమ్మా, బాబాయ్ చెప్తాడంటావా?"

"చెప్తాడే. లేకపోతే నేను చూడాలని ఎందుకంటాడు?"

"అట్లకాడ కూడా ఇచ్చేస్తాడేమో చూడు."

"నోర్ముయ్యవే," అంది కానీ ఆవిడకూ నవ్వొచ్చింది.

సముద్రం మేము అనుకున్నంత నీలంగా లేదు. గాలి మాత్రం మనిషిని పక్కకు నెడుతోంది. ఒడ్డునంతా తాళ్ళు కట్టి, మధ్యలో దారి వదిలి, అటూ ఇటూ శిల్పాలు పెట్టారు. బోర్లా పడుకున్న తాబేలు, నిద్రపోతున్న ఏనుగు, లోపల ఎలకలు కాపురమున్న పెద్ద బూటు. పిల్లలు తాడు దాటబోతుంటే కాపలావాళ్ళు ఈలలు వేస్తున్నారు. మైకులో ఒక వ్యాఖ్యాత ఆపకుండా మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు గాలికి ఒకసారి చెవిలో, ఒకసారి సముద్రంలో పడుతోంది.

తమ్ముడు మమ్మల్ని దూరంనుంచే చూసి పరిగెత్తుకొచ్చాడు. జుట్టు నెరిసింది. చేతులు ఉప్పుకు పగిలి గీతలు పడ్డాయి. నడుముకు కట్టుకున్న తోలుపట్టీలో బ్రష్షులు, సన్నటి గొట్టాలు, చాకులు. వాటిమధ్య కర్రపిడి ఒకటి బయటికి కనిపిస్తోంది. మా అమ్మాయి నా మోచేతిని గిల్లింది.

"వదినా! వచ్చావా! రా, రా. ముందు చూడు, తర్వాత మాట్లాడుకుందాం."

వెళ్ళేదారిలో తన పని గురించి చెబుతూనే ఉన్నాడు. చెక్కపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, తడి ఇసుక పోసి, కాళ్ళతో తొక్కి గట్టిపరుస్తారట. తర్వాత అన్నిటికంటే పైపెట్టె ముందు విప్పి తల చెక్కుతారట. తల అయ్యాక దాని కింది పెట్టె. అలా పైనుంచి కిందికి దిగడమే. "దిగాక మళ్ళీ ఎక్కేది లేదన్నయ్యా. పైన తప్పు చేస్తే కిందనుంచి దిద్దలేం. పైన చెయ్యి పెట్టామంటే కింద చేసినదంతా జారిపోతుంది. తప్పుతోనే కిందికి రావాలి," అన్నాడు. ఆ మాట ఆ పూటే మళ్ళీ వినవలసి వస్తుందని నేననుకోలేదు.

అమ్మ కనిపించింది.

ఇద్దరు మనుషుల ఎత్తున, మంచం మీద కూర్చుని, భుజాలమీద శాలువాతో. ఆ ముఖం అచ్చం అమ్మదే. నొసటి మీద ముడతలు, కిందపెదవి పక్క పుట్టుమచ్చ, ఏదో అడగబోయి మరిచిపోయినట్టుండే ఆ చూపు. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. అమ్మ రెండు చేతులూ శాలువాలోంచి ముందుకు వచ్చి ఒక గ్లాసు పట్టుకుని ఉన్నాయి. ఆ గ్లాసు చూసేవాళ్ళకు అందిస్తున్నట్టుంది. కింద పలకమీద 'అమ్మ చేతులు' అని రాశారు.

జనం తాడు చుట్టూ మూగారు. అందరూ ముఖం వదిలేసి చేతులే చూస్తున్నారు. "ఆ నరాలు చూడండి," అని ఒకాయన అంటే, "కష్టపడ్డ చేతులండీ, తెలుస్తూనే ఉంది," అని పక్కావిడ కళ్ళు తుడుచుకుంది.

కష్టపడ్డ చేతులే. కానీ రెండు చేతులు. రెండూ తెరుచుకుని ఉన్నాయి. మా అమ్మ కుడి చెయ్యి తెరుచుకోవడం మంచాన పడ్డాక నేను ఒక్కసారీ చూడలేదు.

మా ఆవిడ కదలకుండా నిలబడింది. ఆవిడ చూస్తున్నచోటికి చూశాను. గ్లాసు పట్టుకున్న ఎడమచేతి చిటికెన వేలు చివర లోపలికి వంగి ఉంది. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి మధ్యలో గాడి పడి ఉంది. పెళ్ళయిన కొత్తలో పరుపు కుడుతుంటే దబ్బనం దిగి చీలిన గోరు అది. మళ్ళీ సరిగ్గా పెరగలేదు.

"అమ్మా," అంది మా అమ్మాయి గొంతు తగ్గించి. "అవి నీ చేతులే."

నాకు ఫొటో గుర్తొచ్చింది. మా అమ్మాయే తీసింది. అమ్మ తనంతట తాను కూర్చోలేదు. మా ఆవిడ వెనకాల కూర్చుని, అమ్మ వీపును తన ఎదకు ఆనించుకుని, శాలువా కిందనుంచి రెండు చేతులూ ముందుకు తెచ్చి గ్లాసు పట్టుకునేది. ఫొటోలో శాలువా, దిండు అడ్డంవచ్చి ఆవిడ ముఖం కనిపించలేదు. చేతులు మాత్రం కనిపించాయి. చూసినవాళ్ళు అవి అమ్మవే అనుకుంటారు. ఇంటికొచ్చి అమ్మను ఒక్కసారి చూసినవాళ్ళు మాత్రం అనుకోరు.

"ఏం వదినా, మాటే రావట్లేదా?" తమ్ముడు సంబరంగా అడిగాడు. "అందరూ ఆ చేతుల గురించే అంటున్నారు. ఫొటో పెద్దది చేసి ఒక్కొక్క గీతా చూసి చెక్కాను. ఆ గోరు చూశావా? ఆ గోరు చెక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఎంత కష్టపడిందో అనిపించింది."

మా ఆవిడ తన కుడిచెయ్యి చాపి, బొటనవేలు వాడి కళ్ళముందు పెట్టింది. 

తమ్ముడు గోరు చూశాడు. శిల్పం చూశాడు. మళ్ళీ గోరు చూశాడు. జేబులోంచి ఫోను తీసి ఫొటో పెద్దది చేశాడు. 

"మరి అమ్మ చెయ్యి..."

"నాయనమ్మ కుడిచెయ్యి పిడికిలి బాబాయ్," అంది మా అమ్మాయి. "చివరిదాకా తెరుచుకోలేదు. నువ్వొచ్చి చూసుంటే తెలిసేది."

సరిగ్గా అప్పుడే మైకు మా వైపు తిరిగింది. "ఇక ఈ శిల్పం వెనక ఒక నిజజీవిత గాథ ఉందండీ! మంచాన పడ్డ తల్లికి ఈ శిల్పి ఏళ్ళతరబడి తన చేతులతో సేవ చేసుకున్నారు. ఆ తల్లే స్వయంగా అందరికీ చెప్పుకునేది, మా చిన్నోడే చూస్తున్నాడని..."

జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి నోరు తెరిచి బాబాయిని చూసింది. "సొమ్మొకడిది సోకొకడిదా! ఇదెవరు చెప్పారు బాబాయ్ ఆయనకి?"

"అమ్మే చెప్పింది కదే!" వాడు గొంతు తగ్గించి, నావైపు తిరిగాడు. "అన్నయ్యా, నేనేం కల్పించలేదు. అమ్మ ఫోనులో నాతో కూడా అదే అనేది. 'నువ్వు పంపిన గంజి తాగాను నాన్నా, నువ్వు పంపిన దుప్పటి వెచ్చగా ఉంది' అనేది. మొదట్లో, ఎవరో పంపుతున్నారు, నా పేరు చెబుతున్నారు అనుకున్నాను. తర్వాత... ఏమో, అమ్మ నోట అన్నిసార్లు వింటే నాకే నిజమనిపించింది. ఆయన అడిగితే అమ్మ మాటే చెప్పాను."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆ పేరు మొదట చెప్పిన నోరు ఆవిడదే. అది ఆవిడకూ గుర్తొచ్చినట్టుంది. అబద్ధమని అరవడానికి లేదు. అరిస్తే మొదటి అబద్ధం తనదే అవుతుంది. గంజి తాగించడానికి ఆడిన మాట అదీ.

"సరేనయ్యా," అంది. "ఆ మాట నేనన్నదే. మంచం మీద ఉన్న మనిషి కోసం అన్నాను. ఇప్పుడు మంచం మీద ఎవరూ లేరు. ఇప్పుడు నిజం చెప్పొచ్చు."

"చేతులు మార్చమంటావా వదినా? కుదరదు. పైనుంచి దిగొచ్చేశాను. ఇప్పుడు అక్కడ చెయ్యి పెడితే..."

"మార్చమని ఎవరన్నారు? ఉన్నవి ఎవరివో చెప్పు. ఆ మైకులో చెప్పు. చాలు."

తమ్ముడు చుట్టూ చూశాడు. తెల్లచొక్కాలు వేసుకున్న న్యాయనిర్ణేతలు అప్పుడే ఏనుగు దగ్గర నిలబడ్డారు. 

"చెప్తాను. ఒట్టు వదినా, చెప్తాను. కానీ ఇప్పుడు కాదు. బహుమతి ఇచ్చేటప్పుడు నా చేతికే మైకు ఇస్తారు కదా, అప్పుడు అందరి ముందూ చెప్తాను. అప్పుడైతే ఇంకా బాగుంటుంది. ఇప్పుడు చెబితే తల్లి బొమ్మకు వేరేవాళ్ళ చేతులు పెట్టాడంటారు. ఇన్నేళ్ళకు వచ్చిన అవకాశం ఇది. కొంచెం ఆగు."

"ఆగుతాను," అంది ఆవిడ. "ఆగడం నాకు కొత్తా?"

తినడానికి తెచ్చుకున్న డబ్బా విప్పాం. ఎవరికీ సయించలేదు. గాలికి అందులో ఇసుక పడుతోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వ్యాఖ్యాత దగ్గరికి వెళ్ళాను. ఆయన నీళ్ళు తాగుతున్నాడు.

"అయ్యా, ఆ అమ్మ చేతుల శిల్పం గురించి ఒక చిన్న మాట చెప్పాలి."

"మీరెవరండీ?"

"ఆ శిల్పి అన్నయ్యను. నేను చెప్పేదేమంటే, ఆ సేవ చేసింది..."

"అన్నయ్యగారా! ముందు చెప్పరేంటండీ!" మాట పూర్తి కానివ్వలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "శిల్పిగారి అన్నయ్యగారు కూడా మన మధ్యనే ఉన్నారండీ! తమ్ముడి సేవ కళ్ళారా చూసిన మనిషి! ఒక్కసారి గట్టిగా చప్పట్లు!"

జనం నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ ఏ నోము నోచిందో బాబూ," అన్నాడు. నేను ఆ మైకు తీసుకోవాలని చెయ్యి చాపాను. వ్యాఖ్యాత అది కరచాలనం అనుకుని నా చెయ్యి ఊపి వదిలేసి, బూటు బొమ్మ గురించి మొదలుపెట్టాడు. గోడకు చెప్పుకున్నా గోడ చప్పట్లు కొట్టదు. అంతవరకు గోడే నయం.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ నన్ను చూసి, "మీకు కూడా చప్పట్లు కొట్టారే," అంది. అందులో నవ్వెంతో, మంటెంతో నాకు తెలియలేదు.

సాయంత్రం బహుమతులు. మొదటి బహుమతి 'అమ్మ చేతులు'. తమ్ముడు వేదిక ఎక్కాడు. వాడి భుజాన శాలువా వేశారు. ఎవరో ఒకావిడ గద్గదంగా, ఈ చేతులు చూస్తే మా అమ్మ గుర్తొచ్చిందని చెప్పింది. మైకు వాడి చేతికిచ్చారు.

మా ఆవిడ లేచి నిలబడింది. వేదికకు బాగా కనిపించేలా రెండడుగులు ముందుకు వేసింది. కొంగు భుజం చుట్టూ తెచ్చుకుంది. పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా, అలా నిలబడింది. మా అమ్మాయి ఫోను తీసి పట్టుకుంది.

"ఈ చేతులు..." అన్నాడు తమ్ముడు. ఆగాడు. జనంలో వెతికి వదినను చూశాడు. చూడలేదని నేను అనలేను. సూటిగా ఆవిడ ముఖంలోకి చూశాడు. వేదికమీద వాళ్ళంతా వాడివైపు వంగారు. తాబేలు బొమ్మ దగ్గర ఎవరో పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఈ చేతులు... మా అమ్మవి," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకేం చెప్పలేను."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనిషి ఏడుస్తుంటే అందరికీ ఒక్కలాగే కనిపిస్తుంది. అది దేనికి ఏడుపో ముగ్గురికి తెలుసు. వాడితో కలిపి నలుగురికి.

మా అమ్మాయి ఫోను దించేసింది. మా ఆవిడ వెంటనే కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడి, తర్వాత కొంగు సర్దుకుని వెనక్కి వచ్చింది. ఆ సమయంలో నేను పైకి చూసి ఏదో అడగబోయాను. పొద్దున దీపం దగ్గర అడిగే ప్రశ్నే.  దేవుడు కూడా ఆ జనంలోనే ఎక్కడో నిలబడి చప్పట్లు కొడుతున్నాడేమోనని భయం వేసింది.

బస్సు కోసం బయలుదేరుతుంటే తమ్ముడు శాలువాతోనే పరిగెత్తుకొచ్చాడు.

"వదినా! కోపమొచ్చిందా? నోటిదాకా వచ్చింది, నిజంగా వచ్చింది. అంతమందిని చూసేసరికి మాట మారిపోయింది. రేపు పత్రికలవాళ్ళు వస్తున్నారు. కూర్చోబెట్టి అడుగుతారు. వాళ్ళకు వివరంగా చెప్తాను. నీ పేరుతో సహా. రేపు తప్పకుండా."

"రేపు," అంది మా అమ్మాయి, నావైపు చూస్తూ.

మా ఆవిడ వాడి ముఖంలోకి కాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వాడి నడుము పట్టీ వైపు వేలు చూపించింది.

"నా అట్లకాడ ఇచ్చెయ్యవయ్యా."

వాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత చెయ్యి దానంతటదే కర్రపిడి మీద పడింది.

"ఇదా? వదినా, ఇది లేకపోతే నా చెయ్యి ఆడదు. ఆ వేళ్ళు, ఆ గోరు, అన్నీ దీంతోనే చెక్కాను. ఎల్లుండినుంచి ఇంకో ఊళ్ళో పని ఉంది. నీకు కొత్తది కొనిస్తా. ఒకటేం, రెండు కొనిస్తా."

"రెండెందుకు? నాది నాకివ్వు."

"అరిగిపోయింది వదినా. ఇంట్లో ఇక దేనికీ పనికిరాదు."

"పనికొస్తుందో లేదో నేను చూసుకుంటాను."

చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. చీలిన గోరు, వంగిన చిటికెన వేలు, అన్నీ వాడి ముందే ఉన్నాయి. వాటిని చూడకుండా ఉండటానికి వాడు పట్టీలోకే చూస్తూ అట్లకాడ తీశాడు. పిడికి గుడ్డపేలిక చుట్టి ఉంది. రేకు సగానికి సగం అరిగి, ఒక పక్కకు వాలి, నెలవంకలా అయింది. లాగుకు రెండువైపులా తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మయ్య! ఇక నీకు బాకీ లేను వదినా," అని నవ్వబోయాడు.



"ఈ బాకీ తీరిందయ్యా," అంది ఆవిడ.

కాళ్ళు కడుక్కునే కొళాయి దగ్గరికి వెళ్ళి, పిడికి చుట్టిన పేలిక విప్పి పారేసి, అట్లకాడను నీళ్ళకింద పట్టింది. అంచున ఇరుక్కున్న ఇసుకను బొటనవేలితో తోసి తోసి కడిగింది. వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత తిండి డబ్బా పక్కన సంచిలో పెట్టుకుని బస్సు వైపు నడిచింది.